కోనసీమ కాలువ గట్ల మీద గ్రావెల్ సైక్లింగ్: చదును నేలే కదా అనుకునేవాళ్ళకి

గ్రావెల్ సైక్లింగ్ అంటే తారు లేని మట్టి, కంకర దారుల మీద తొక్కడం. గోదావరి డెల్టాలో కొండ ఎక్కే పని లేదు కాబట్టి సైకిల్ తొక్కడం తేలికని చాలామంది అనుకుంటారు. తేలికేం కాదు, కష్టం వేరే రకంగా ఉంటుంది, అంతే. గోదావరి మీద బ్యారేజీ ఉన్న దవళేశ్వరం నుంచి సముద్రం దాకా నేల ఎత్తులో తేడా ఇరవై మీటర్లు కూడా ఉండదు. ఎక్కుడు లేదు కాబట్టి దిగుడూ లేదు, పెడల్ ఆపేసి కాళ్ళకి కాసేపు విశ్రాంతి ఇచ్చే చోటంటూ ఎక్కడా దొరకదు. అరవై కిలోమీటర్లు వెళ్ళాలంటే అరవై కిలోమీటర్లూ తొక్కాల్సిందే. ఘాట్ రోడ్డు మీదైతే ఎక్కేటప్పుడు లేచి తొక్కుతాం, దిగేటప్పుడు వెనక్కి జరుగుతాం, ఒళ్ళు కదులుతూ ఉంటుంది. ఇక్కడ గంటల తరబడి ఒకే భంగిమ. ముందు అరచేతులు తిమ్మిరెక్కుతాయి, తర్వాత నడుము, ఆ తర్వాత సీటు దగ్గర ఒరుసుకుపోవడం. అందుకని అవసరం లేకపోయినా పది నిమిషాలకోసారి లేచి నిలబడి ఇరవై, ముప్ఫై తొక్కులు తొక్కండి, హ్యాండిల్ మీద చేతులు మారుస్తూ ఉండండి. ఇది మొదటి గంట నుంచే చెయ్యాలి, నొప్పి మొదలయ్యాక చేస్తే లాభం లేదు.

అసలు సంగతి ఒకటుంది. ఇక్కడ ఫోన్లో రూటు గీసుకుంటే పని అయిపోదు. ఏ నెలలో ఏ గట్టు ఆరి ఉంటుంది, చేల మధ్య ఏ పుంత బురదగా ఉంటుంది, ఏ రేవులో పంటు, అంటే మనుషుల్నీ బళ్ళనీ నది దాటించే పడవ, నడుస్తుంది అన్నవన్నీ కాలువ నీళ్ళూ వరి పంటా కలిసి నిర్ణయిస్తాయి. జనవరిలో హాయిగా వెళ్ళిన దారిలో జులైలో సైకిల్ని భుజాన వేసుకోవాల్సి రావచ్చు. కాబట్టి ముందు క్యాలెండర్, తర్వాత మ్యాప్, సైకిల్ సంగతి ఆ తర్వాతే.

ఏ నెలలో వెళ్ళాలి

సార్వాకి, అంటే వానాకాలం వరికి, జూన్‌లో నారు పోస్తారు, జులై, ఆగస్టుల్లో ఊడ్పులు, నవంబరుకి కోతలు మొదలు. దాళ్వా, అంటే రెండో పంట, ఊడ్పులు డిసెంబరు ఆఖరు నుంచి జనవరి నిండా నడుస్తాయి, ఏప్రిల్‌లో కోతలు. ఆ తర్వాత కాలువలు కట్టేస్తారు, మళ్ళీ నీళ్ళు వదిలేది జూన్‌లోనే. సైకిల్ వాడికి కావాల్సిన విషయం మొత్తం ఇందులోనే ఉంది.

నన్నడిగితే ఫిబ్రవరి, మార్చి మొదటి సగం. దాళ్వా చేలు పచ్చగా ఉంటాయి, కాలువల్లో నీళ్ళుంటాయి, గట్లు మాత్రం పొడిగా గట్టిపడి ఉంటాయి. ఊడ్పుల హడావుడి అయిపోయి ఉంటుంది కాబట్టి దమ్ము ట్రాక్టర్లు, అంటే నీళ్ళు పెట్టిన మడిని బురదగా దున్నేవి, రోడ్డెక్కవు. జనవరిలో వెళ్ళేవాళ్ళు ఈ దమ్ము ట్రాక్టర్ల సంగతి గుర్తు పెట్టుకోవాలి. ఇనప చక్రాల మధ్య ఇరుక్కున్న బురద పెళ్ళలు పొలం నుంచి బయటికి రాగానే రోడ్డు మీద రాలతాయి, ఎండకి రాళ్ళలా బిగుసుకుపోతాయి, తెల్లవారుజామున మంచులో అవి కనపడవు. డిసెంబరు, జనవరి మంచు మామూలుగా ఉండదు, ఏడున్నర దాకా పది అడుగుల అవతల ఏముందో తెలియని రోజులుంటాయి. ముందు లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. వెనక లైటు లేకుండా మంచులో బయల్దేరేవాడితో నేనైతే వెళ్ళను.

సంక్రాంతి మూడు రోజులూ సైకిల్ పక్కన పెట్టేయడం మేలు. ఊళ్ళన్నీ చుట్టాలతో, కార్లతో నిండిపోతాయి. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళాలనుంటే సైకిల్ ఎక్కడో ఇంట్లో పెట్టి నడిచి వెళ్ళండి. ప్రభల్ని మోసుకుంటూ కాలువలోంచి, పచ్చటి చేలల్లోంచి వస్తుంటే అక్కడ సైకిల్ తోసుకుంటూ తిరగడం మీకూ ఇబ్బందే, వాళ్ళకీ ఇబ్బందే.

ఏప్రిల్‌లో కోతలు, ఎండ, గడ్డి ట్రాక్టర్లు. మేలో కాలువలు ఎండి ఉంటాయి, దుమ్ము లేస్తుంది, ఎనిమిదిన్నరకల్లా ఇంటికి చేరేటట్టయితే వెళ్ళండి, ఆ తేమలో అంతకు మించి వద్దు. తాటిముంజలు దొరుకుతాయి, అదొక్కటే ఓదార్పు.

జూన్ తొలకరి నుంచి అక్టోబరు దాకా మట్టి గట్ల జోలికి పోవద్దు. ఇక్కడి నేల గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు, ఎక్కువ చోట్ల బంకమట్టి. ఒక్క వాన పడితే చాలు, టైరుకి అంటుకుని, దాని మీద ఇంకో పొర అంటుకుని, ఫోర్కులో బిగుసుకుపోయి చక్రం తిరగడం ఆగిపోతుంది. బురదలో తొక్కితే మజా అనుకునేవాళ్ళకి చెప్తున్నా, ఇది ఆ రకం బురద కాదు. అనుకోకుండా చిక్కుకుంటే సైకిల్ దిగి, గట్టు అంచున గడ్డి మీదుగా నడిపించండి, గడ్డి మీద మట్టి తక్కువ అంటుకుంటుంది. అరచేతంత కర్ర ముక్క ఒకటి బ్యాగులో ఉంచుకుంటే ఫోర్కు, బ్రేకుల మధ్య గోకడానికి పనికొస్తుంది.

వరదల కాలంలో ఇంకో లెక్క ఉంది. దవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక అని వార్తల్లో వినపడితే చాలు, లంకలకి, అంటే నది మధ్య దిబ్బల మీది ఊళ్ళకి, వెళ్ళే కాజ్‌వేలు (నీటికి దగ్గరగా పల్లంలో వేసిన రోడ్లు), రేవులూ మర్చిపోండి. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే లాంటివి ముందే మునుగుతాయి. నీళ్ళు మోకాలి లోపే ఉన్నాయి కదా అని సైకిల్ ఎత్తుకుని దాటే సాహసం మాత్రం చెయ్యొద్దు, కాజ్‌వే అంచు ఎక్కడుందో ఆ ఎర్రనీళ్ళలో కనపడదు. నవంబరు తుఫాన్ల నెల. వాతావరణం చూసుకుని, మబ్బు పట్టిన రోజు ఖాళీ పొలాల మధ్య ఉండకండి, పిడుగు పడే చోట మీరూ, మీ సైకిలూ, దూరంగా ఒక తాడిచెట్టూ తప్ప ఇంకేం ఉండవు. ఆ తాడిచెట్టు కిందకి అసలే వెళ్ళొద్దు.

గాలి

డెల్టాలో కొండ బదులు గాలి ఉంటుంది. చలికాలంలో పొద్దున్నే గాలి నేల వైపు నుంచి సముద్రం వైపు మెల్లగా ఉంటుంది, పదకొండు, పన్నెండు దాటాక సముద్రపు గాలి తిరుగుతుంది. అందుకని ఫిబ్రవరిలో పొద్దున్నే దిగువకి, అంటే సముద్రం వైపు వెళ్ళి, మధ్యాహ్నం ఎగువకి తిరిగొస్తే రెండు సార్లూ గాలి వీపు మీదే ఉంటుంది. ఇది తెలియక సాయంత్రం సముద్రం ఒడ్డున ఉన్న అంతర్వేది వైపు బయల్దేరినవాళ్ళు పొలాల మధ్య ఎదురుగాలిలో గంటకి పన్నెండు కిలోమీటర్లతో ఈడ్చుకుంటూ వెళ్తారు. అడ్డంగా ఒక ఇల్లు ఉండదు, చెట్టు ఉండదు, కిలోమీటర్ల కొద్దీ చేలే. మార్చి దాటాక దక్షిణపు గాలి పొద్దున్నుంచే బలంగా ఉంటుంది కాబట్టి అప్పుడు తిరగేసి ఆలోచించండి, పొద్దున్న మీలో బలం ఉండగా గాలికి ఎదురెళ్ళి, వచ్చేటప్పుడు అది తోస్తుంటే రావడం మంచిది. వానాకాలంలో గాలి పడమర నుంచి. గుంపుగా వెళ్తే ఒకరి వెనక ఒకరు వెళ్ళండి, కానీ మట్టి గట్టు మీద ముందువాడి చక్రానికి మరీ దగ్గరగా వెళ్తే వాడు తప్పించిన గుంటలో మీరు పడతారు, రెండు సైకిళ్ళ దూరం ఉంచండి.

దారి చదవడం

ఇదే ఈ రైడింగ్‌లో నాకు ఎక్కువ ఇష్టమైన భాగం. డెల్టాలో సాగునీటి కాలువల్ని మెరక మీద తవ్వారు, అక్కణ్ణుంచి నీళ్ళు రెండు వైపులా చేలకి వాటంతట అవే పారతాయి. మురుగు కాలువలు, అంటే డ్రెయిన్లు, పల్లంలో ఉంటాయి, చేలల్లో మిగిలిన నీళ్ళు అందులో చేరి సముద్రానికి పోతాయి. ఇది తెలిస్తే సగం దారి తెలిసినట్టే. పెద్ద కాలువ గట్టంట వెళ్తే ఊళ్ళు తగులుతూనే ఉంటాయి, వంతెనలుంటాయి, నీళ్ళని ఆపి వదిలే లాకులుంటాయి, దారి ఎక్కడో ఒక చోట తారు రోడ్డుకి కలుస్తుంది. డ్రెయిన్ గట్టు పట్టుకున్నారంటే మాత్రం అది ఏ రొయ్యల చెరువు కంచె దగ్గరో ఆగిపోతుంది, అవతలి ఊరు కళ్ళెదుటే కనపడుతుంది, చేరడానికి మాత్రం నాలుగు కిలోమీటర్లు వెనక్కి రావాలి. అమలాపురం వైపు కౌశిక, భీమవరం వైపు యనమదుర్రు లాంటి డ్రెయిన్లు మ్యాపులో నీలం గీతల్లా కాలువల్లాగే కనిపిస్తాయి, మోసపోవద్దు. తిన్నగా, గీత గీసినట్టు పోతుంటే సాధారణంగా కాలువ, వంకర టింకరగా తిరుగుతుంటే ఎక్కువసార్లు డ్రెయిన్.

ఇంకోటి. పెద్ద కాలువకి రెండు గట్లుంటాయి కదా, ఒకదాని మీద తారు రోడ్డు ఉంటే రెండోది చాలా చోట్ల మట్టిదో, ఎర్ర గ్రావెల్ పోసిందో అయి ఉంటుంది. బస్సులు, లారీలు అన్నీ తారు గట్టు మీదే పోతాయి. మనకి కావాల్సింది ఆ రెండో గట్టు. శాటిలైట్ బొమ్మలో జూమ్ చేసి చూడండి, రెండు చక్రాల జాడలు, మధ్యలో గడ్డి చార కనపడితే అక్కడ బండ్లు తిరుగుతున్నాయని అర్థం, మీ సైకిల్ కూడా వెళ్తుంది. జాడ లేకుండా ఉత్త పచ్చగా కనపడితే అది ముళ్ళ పొద కావచ్చు. వంతెనలు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే చూసి పెట్టుకోండి, గట్టు బాగాలేకపోతే అవతలి గట్టుకి మారాలంటే అవే దిక్కు. తాటి దుంగలు అడ్డంగా వేసిన వంతెన కనపడితే దిగి, సైకిల్ని పక్కన నడిపిస్తూ దాటండి.

దారి అడిగేటప్పుడు ప్రశ్న సరిగ్గా అడగాలి. "బాబాయ్ గారూ, ఈ గట్టంట వెళ్తే ర్యాలి వెళ్ళొచ్చాండీ?" అని అడిగితే "ఆయ్, ఎల్లిపోవచ్చండి" అనే అంటారు, కాదనడం ఇక్కడివాళ్ళకి అలవాటు లేదు, పైగా నడిచి అయితే నిజంగానే వెళ్ళిపోవచ్చు. "నిన్నా ఇవాళా ఇటు ట్రాక్టరేమన్నా వెళ్ళిందాండీ?", "మీరైతే మోటర్‌సైకిల్ మీద ఇటెళ్తారా, రోడ్డంట వెళ్తారా?" అని అడగండి. అప్పుడు ఆగి, ఆలోచించి, అసలు సమాధానం చెప్తారు. ఎన్ని కిలోమీటర్లు అన్నది మాత్రం అడగొద్దు, ఎవరినడిగినా రెండే.

సైకిల్, టైర్లు, గాలి

గ్రావెల్ బైక్ అని పేరున్నదే కొనాలంటే లక్ష దాకా, ఆ పైనా అవుతుంది. డెల్టాకి అంత అవసరం లేదు. 38 నుంచి 45 మి.మీ. టైరు పట్టే హైబ్రిడ్ (రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే మామూలు సైకిల్) చాలు, సస్పెన్షన్ లేని పాత ఎంటీబీ, అంటే మౌంటెన్ బైక్, అయినా సరే. కొండల్లేవు కాబట్టి గేర్లు కూడా పెద్ద విషయం కాదు, ముందు ఒక చక్రం, వెనక ఎనిమిదో తొమ్మిదో ఉంటే దండిగా సరిపోతాయి. పాలవాళ్ళు గేర్లే లేని సైకిల్ మీద రెండు క్యాన్లు కట్టుకుని ఇవే గట్ల మీద తిరిగేవారు, మన టెన్షన్లన్నీ వాళ్ళు చూస్తే నవ్వుతారు.

డబ్బు పెట్టాలంటే టైర్ల మీద పెట్టండి. మధ్యలో నున్నగా, అంచుల్లో చిన్న గుబ్బలున్న 40 మి.మీ. టైరు ఇక్కడికి బాగా సరిపోతుంది, ఎందుకంటే రోజు మొత్తంలో సగం తారు, సిమెంటు రోడ్లే వస్తాయి. గాలి సంగతికొస్తే డెబ్బై కిలోల మనిషికి ట్యూబ్‌లెస్ అయితే ముందు 32, వెనక 36 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి చూడండి, ట్యూబులుంటే ఇంకో ఐదారు ఎక్కువ. అరవై పెట్టేసి "గ్రావెల్ మీద ఒళ్ళు హూనమైంది" అనేవాళ్ళే ఎక్కువ. సముద్రం దగ్గర ఇసుక దారులుంటే ఇంకో ఐదు తగ్గించండి, తారెక్కాక మళ్ళీ కొట్టుకోవడానికి పంపు ఎలాగూ ఉంటుంది.

కాలువ గట్ల మీద సర్కారు తుమ్మ ముళ్ళు, పల్లేరు కాయలు ఎక్కువ. ట్యూబ్‌లెస్‌లో సీలెంట్, అంటే చిల్లుని లోపల్నుంచి పూడ్చే ద్రవం, ఉంటే అవి గుచ్చుకున్నా దారిలో తెలియను కూడా తెలియదు. మన ఎండకి సీలెంట్ త్వరగా ఎండిపోతుంది, రెండు మూడు నెలలకోసారి విప్పి చూసుకోండి. ట్యూబు సైకిలైతే రెండు స్పేర్ ట్యూబులు పెట్టుకోండి, మార్చేముందు టైరు లోపల వేలితో కాదు, గుడ్డతో తడిమి ముల్లు తీయండి. ప్రతి సెంటర్లోనూ పంక్చర్ షాపు ఉంటుంది, కానీ మీ సైకిల్‌కి సన్నటి ప్రెస్టా వాల్వ్ ఉంటే వాళ్ళ కంప్రెసర్ గొట్టం పట్టదు. ఇత్తడి ఎడాప్టర్ ఒకటి, చాలా తక్కువ ధర, బ్యాగులో పడేసుకోండి. ఆ కంప్రెసర్ మోటర్‌సైకిళ్ళ కోసం పెట్టింది, ఒక్క సెకను ఎక్కువ పట్టుకుంటే మీ టైరులో ఎంతుంటుందో చెప్పలేం, కొంచెం కొంచెంగా పట్టించి వేలితో నొక్కి చూసుకోండి.

మడ్‌గార్డులు తీసేయండి, మట్టి ఇరుక్కునేది ముందు వాటిలోనే. చెయిన్ లింకు, మల్టీటూల్, రెండు జిప్ టైలు, చిన్న చాకు, ఇవి చాలు. చాకు ఎందుకో కిందకొస్తుంది.

గట్టు మీద తొక్కడం

కంకర వదులుగా ఉన్న చోట హ్యాండిల్ గట్టిగా పట్టుకుంటే సైకిల్ మీ మాట వినదు. మోచేతులు వదులుగా, బరువు కాస్త వెనక్కి, చూపు కాస్త దూరంగా ముందుకి, కాలు ఆపకుండా. మలుపుకి ముందే వేగం తగ్గించాలి, మలుపులో ముందు బ్రేకు ముట్టుకోవద్దు. రెండు చక్రాల జాడల్లో ఒకటి పట్టుకుంటే దాంట్లోనే ఉండండి, జాడ మారాలంటే మధ్య గడ్డి మీదకి ఏటవాలుగా కాకుండా కొంచెం తిన్నగా ఎక్కండి, లేకపోతే చక్రం అంచు వెంట జారి పక్కకి లాగేస్తుంది. కాలువ వైపు జాడలో కాకుండా పొలం వైపు జాడలో వెళ్ళడం అలవాటు చేసుకోండి, పడితే గడ్డిలో పడతారు. కాలువ నిండుగా ఉన్నప్పుడు లోతు, వేగం రెండూ పైకి తెలియవు, ఈత రాకపోతే అసలు ఆ అంచుకే వద్దు.

ఇక్కడ పడేసేవి కంకర కంటే వేరే ఉన్నాయి. మొదటిది పలుపు తాడు. గేదెని గట్టుకి ఇటు కట్టి అటు మేపుతారు, తాడు దారికి అడ్డంగా నేల మీద పడి ఉంటుంది, మీరు దగ్గరికి రాగానే గేదె బెదిరి తల ఎత్తుతుంది, తాడు మోకాలెత్తున లేస్తుంది. గేదె ఒక పక్కన కనపడితే మేకు రెండో పక్కన ఉందేమో చూసి, దిగి నడవండి. రెండోది ఆయిల్ ఇంజన్ పైపులు, కాలువలోంచి చేలోకి నీళ్ళు తోడేటప్పుడు దారికి అడ్డంగా పరుస్తారు. వాటి మీద నుంచి తొక్కితే పైపు చిరగొచ్చు, సైకిల్ ఎత్తి దాటండి. మూడోది బాతులు. కోతలయ్యాక మోళ్ళలో మేపడానికి వందల కొద్దీ బాతుల్ని తోలుకొస్తారు, అవి రోడ్డు దాటుతుంటే ఆగడమే, బెల్లు కొడితే గుంపు చెదిరిపోయి పాపం తోలేవాళ్ళకి గంట పని.

కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది, చుట్టూ రాళ్ళు పెట్టి ఉంటాయి. దాని మీద నుంచి తొక్కడం, బూట్లతో తొక్కుకుంటూ నడవడం చెయ్యకండి, అది ఒక ఇంటి ఆరు నెలల కష్టం, వాళ్ళకి లక్ష్మి. ఎదురుగా లారీ వస్తుంటే మీరే ముందు ఆగిపోండి. రోడ్డు మీద పరుచుకున్న గడ్డి ఇంకో తలనొప్పి. ఒక్క పోచ వెనక గేర్ల చక్రంలో చుట్టుకుంటే దాని వెంట పిడికెడు వస్తుంది, అలాగే తొక్కితే గేర్లు మార్చే డీరెయిలర్ వంగి చక్రంలోకి పోతుంది. కరకరమని చప్పుడు రాగానే ఆగి, పెడల్ వెనక్కి తిప్పుతూ చాకుతో కోసి లాగండి. చాకు అందుకు.

పొలం గట్ల మీద, అంటే రెండు మళ్ళ మధ్య ఉండే సన్న గట్టు మీద తొక్కొద్దు. ఫోటో బాగా వస్తుంది, నిజమే. కానీ తడి గట్టు మీద చక్రం గీత పడితే నీళ్ళు ఆ దారినే పక్క మడిలోకి కారిపోతాయి, ఆ ఇద్దరి మధ్య గొడవకి మీరు కారణం కావడం ఎందుకు. గట్టు మీద కంది మొక్కలు కూడా వేస్తారు. ఊడ్పులు వేస్తున్న ఆడవాళ్ళ ఫోటో తీయాలనిపిస్తే అడిగి తీయండి, వద్దంటే ఊరుకోండి. మందు కొడుతుంటే, అది భుజాన స్ప్రేయరైనా డ్రోనైనా, గాలి వాటం చూసి ఎగువ పక్కకి వెళ్ళి ఆగండి, అయ్యాక బయల్దేరండి.

తిండి, నీళ్ళు, ఒళ్ళు

ఎండ కన్నా ఉక్కపోత ఎక్కువ నీరసం తెస్తుంది, చెమట ఆరదు. గంటకి ముప్పావు లీటరు తాగాలి, అందులో సగం ఓఆర్ఎస్ కలిపినవి. సీసాలు ఊళ్ళో మినరల్ వాటర్ ప్లాంటు దగ్గర నింపుకోండి, కాలువ నీళ్ళతో మొహం కూడా కడగొద్దు. కొబ్బరి బోండాలు అంబాజీపేట చుట్టుపక్కల ఎక్కడైనా దొరుకుతాయి, రావులపాలెం అరటిపళ్ళు రెండు జేబులో వేసుకుంటే ఇరవై కిలోమీటర్లు గడిచిపోతాయి. టిఫిన్‌కి పెసరట్టు ఉప్మా తిని బరువుగా బయల్దేరడం కంటే సగం రైడ్ అయ్యాక దిబ్బరొట్టె తినడం నయం. ఆత్రేయపురం పూతరేకులు కొనుక్కుంటే చివర్లో కొనండి, వెనక సంచిలో పెట్టి గట్టెక్కితే ఇంటికి వచ్చేది పొడి.

పాములున్నాయి. నాగుపాము, రక్తపింజరి, కట్లపాము మూడూ వరి చేలల్లో ఎలకల కోసం తిరుగుతాయి, కోతలప్పుడు బయటికి ఎక్కువ వస్తాయి. సైకిల్ మీద ఉండగా భయం తక్కువ, గడ్డిలో పడుకోబెట్టి పంక్చర్ వేసేటప్పుడే జాగ్రత్త. కరిస్తే కోయడం, గట్టిగా కట్టు బిగించడం, నాటు మందు ఏవీ వద్దు. కాలు కదపకుండా 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ప్రభుత్వ ఏరియా ఆసుపత్రికి వెళ్ళడమే. బురదలో పడి దెబ్బ తగిలితే శుభ్రమైన నీళ్ళతో, సబ్బుతో కడగండి. ఎలకల వల్ల పొలం నీళ్ళలో ఎలుక జ్వరం క్రిములు ఉండొచ్చు, వారం రెండు వారాల్లో ఒళ్ళు నొప్పులతో జ్వరం వస్తే పొలం బురదలో పడ్డానని డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఒక దారి

రాజమండ్రిలో రైలు దిగి, దవళేశ్వరం మీదుగా కాటన్ బ్యారేజీ దాటి బొబ్బర్లంక చేరండి. మధ్య డెల్టాకి గోదావరి నీళ్ళు వదిలేది ఇక్కడే. ఇంజనీరు ఆర్థర్ కాటన్ కట్టించగా 1852లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో కట్టిందే ఇప్పుడున్న 175 గేట్ల బ్యారేజీ. పొద్దున్న ఆరుకల్లా దాటేస్తే లారీల బాధ ఉండదు. బొబ్బర్లంక నుంచి కాలువ గట్టు పట్టుకుంటే ఆత్రేయపురం, ఆ దగ్గర్లోనే లొల్ల లాకులు, కాలువ పాయలుగా విడిపోయే చోటు. అక్కడ కాసేపు కూర్చుని నీళ్ళు ఎటు ఎటు పోతున్నాయో చూస్తే పైన చెప్పిన మెరకా పల్లం లెక్క పుస్తకం అక్కర్లేకుండా అర్థమవుతుంది. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి గుడి చూసి, రావులపాలెం మీదుగా తిరిగొస్తే రానూపోనూ అరవై, డెబ్బై కిలోమీటర్ల మధ్య అవుతుంది. తిరిగొచ్చేటప్పుడు జాతీయ రహదారి ఎక్కొద్దు, కొంచెం చుట్టయినా గట్టే నయం.

రెండు రోజులున్నవాళ్ళు రావులపాలెం నుంచి కొత్తపేట, పి.గన్నవరం వెళ్ళండి. గోదావరి పాయ వైనతేయ మీదుగా కాలువనే దాటించే అక్విడక్టు ఉంది అక్కడ, కింద నది, పైన కాలువ. కాటన్ కాలం నాటి పాతది, పక్కనే కొత్తది. కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, ఆకలితో గడప తొక్కినవాళ్ళందరికీ వేళ చూడకుండా అన్నం పెట్టిన ఆవిడ. ఆకలితో సైకిల్ తొక్కేవాళ్ళకి ఇంతకంటే తగిన వంతెన ఏముంటుంది. మర్నాడు అమలాపురం నుంచి ముక్తేశ్వరం వచ్చి పంటు మీద గోదావరి ఇంకో పాయ గౌతమి దాటితే కోటిపల్లి, అక్కణ్ణుంచి ద్రాక్షారామం, కడియం నర్సరీల మీదుగా మళ్ళీ రాజమండ్రి. పంటు ఎక్కేటప్పుడు పలకల మీద సైకిల్ తోసుకుంటూ వెళ్ళండి, తొక్కొద్దు, పెడల్‌కి బిగుసుకునే క్లీట్ బూట్లుంటే అవి జారతాయి. నీళ్ళు బాగా ఎక్కువున్నా, గాలి ఎక్కువున్నా పంటు ఆపేస్తారు, కాబట్టి చివరి పంటు కోసం ఆగకుండా మధ్యాహ్నంలోపే దాటేటట్టు చూసుకోండి.

ఇంటికొచ్చాక సైకిల్ మీద ప్రెషర్ వాటర్ కొట్టకండి, బంకమట్టి బేరింగుల్లోకి వెళ్తుంది. మట్టిని ముందు ఆరనివ్వండి, ఆరితే పెళ్ళలుగా ఊడొస్తుంది, మిగిలింది పాత టూత్‌బ్రష్‌తో దులిపి, చెయిన్ తుడిచి రెండు చుక్కలు నూనె వెయ్యండి. వెనక చక్రం విప్పి, గేర్ల చక్రం వెనక గడ్డి పోచలేమన్నా ఉన్నాయేమో చూడండి, ఉంటాయి. సముద్రం వైపు ఉప్పు గాలిలో తిరిగొస్తే అదే రోజు తడి గుడ్డతో ఒకసారి తుడిస్తే మంచిది, వారం ఆగితే బోల్టులు తుప్పు పట్టి ఉంటాయి.